ఇంటి సిగ్నల్ డబ్బాకు కొత్త అడాప్టర్: లేబుల్ చదవడం నుంచి లోడ్ మీద వోల్టేజి చూడటం దాకా

అమెరికాలో ఊరి చివర కొత్తగా లేచిన కాలనీల్లో, బేస్‌మెంట్ గదుల్లో ఫోన్ సిగ్నల్ ఒక గీతకు మించి రాని ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి ఇళ్లలో రెండు రకాల డబ్బాలు కనిపిస్తాయి. ఒకటి రౌటర్‌కు తగిలించే బుల్లి టవర్. దీన్ని ఫెమ్టోసెల్ అంటారు. కంపెనీలు నెట్‌వర్క్ ఎక్స్‌టెండర్, మైక్రోసెల్, సెల్‌స్పాట్ అని రకరకాల పేర్లు పెట్టాయి. ఇది మీ ఇంటి ఇంటర్నెట్ మీదుగా కాల్‌ను కంపెనీకి చేరుస్తుంది. రెండోది బూస్టర్. పైకప్పు మీదో కిటికీ దగ్గరో పెట్టిన యాంటెన్నా పట్టుకున్న సిగ్నల్‌ను పెంచి ఇంట్లోకి వదులుతుంది. రెండూ రాత్రింబవళ్లు ఏళ్ల తరబడి ఆన్‌లోనే ఉంటాయి. కాబట్టి డబ్బా లైట్లు ఆరిపోయిన రోజున మొదట అనుమానించాల్సింది డబ్బాను కాదు, సోఫా వెనక గోడకు వేలాడుతూ దుమ్ము పట్టిన అడాప్టర్‌ను.

అయితే కొత్తది కొనే ముందు ఒక మాట. మీది పాత 3జీ ఫెమ్టోసెల్ అయితే దానికి అడాప్టర్ మార్చి లాభం లేదు. ఏటీ అండ్ టీ తన 3జీని 2022 ఫిబ్రవరిలో ఆపేసింది, టీ-మొబైల్ అదే ఏడాది జూలైలో, వెరైజన్ డిసెంబరు చివర్లో. ఆ కాలం నాటి డబ్బాలో లైటు వెలిగినా అది మాట్లాడాల్సిన నెట్‌వర్కే లేదు. డబ్బా కింద స్టిక్కర్ మీద 4జీ అనో ఎల్‌టీఈ అనో ఉందా చూసుకుని ముందుకు సాగండి. బూస్టర్ల లెక్క వేరు. అవి తరంగాన్ని పెంచుతాయి తప్ప అది 3జీనా 4జీనా అని అడగవు. డబ్బా మీద రాసిన బ్యాండ్లు (తరంగాల శ్రేణులు) మీ కంపెనీ ఇప్పుడు వాడుతున్నవైతే చాలు.

అడాప్టరే పోయిందని ఎలా తెలుస్తుంది?

పూర్తిగా చచ్చిపోయిన అడాప్టర్‌ను పట్టుకోవడం తేలిక. ఇబ్బంది పెట్టేది సగం చచ్చినది. డబ్బా ఆన్ అవుతుంది, లైట్లు వరుసగా వెలుగుతాయి, సరిగ్గా నెట్‌వర్క్ పట్టుకునే సమయానికి మళ్లీ మొదటికొస్తుంది. గంటకోసారి, ఒక్కోసారి రెండు నిమిషాలకోసారి ఇదే తంతు. ఇంటర్నెట్ బాగోలేదని రౌటర్‌ను, కంపెనీ బాగోలేదని కస్టమర్ కేర్‌ను పట్టుకుని వారం రోజులు తిరుగుతాం. అసలు కారణం అడాప్టర్ లోపలి కెపాసిటర్లు, అంటే కరెంటును కాసేపు దాచి వోల్టేజిని నిలకడగా ఉంచే చిన్న భాగాలు. వాటిలోని ద్రవం వేడికి ఏళ్ల మీద ఎండిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క. ఎండిన కెపాసిటర్ తక్కువ కరెంటు అడిగినంత సేపు బాగానే నెట్టుకొస్తుంది. డబ్బాలోని ట్రాన్స్‌మిటర్ ఆన్ అయి ఒక్కసారిగా ఎక్కువ లాగేసరికి వోల్టేజి జారిపోతుంది, డబ్బా రీస్టార్ట్ అవుతుంది. ఆన్ అయ్యేటప్పుడు బాగుండి, ప్రసారం మొదలయ్యేటప్పుడు పడిపోయే డబ్బాకు అడాప్టర్ జబ్బే ఎక్కువగా ఉంటుంది.

ఇంకో రెండు గుర్తులున్నాయి. అడాప్టర్ నుంచి సన్నగా టిక్ టిక్ మని గడియారం లాంటి చప్పుడు వస్తుంటే అది ఆన్ అవడానికి ప్రయత్నించి, తట్టుకోలేక ఆగి, మళ్లీ ప్రయత్నిస్తోందని అర్థం. డబ్బా పిన్ను పీకేసినా ఆ చప్పుడు ఆగకపోతే తప్పు అడాప్టర్‌దే. పీకగానే ఆగితే మాత్రం తొందరపడకండి, లోపం అటైనా ఇటైనా ఉండొచ్చు. ఇక వైరు పిన్నును కలిసే చోట, అంటే రబ్బరు మెడ దగ్గర, వేలితో మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. లైటు ఆరి వెలుగుతుంటే లోపల తీగ పోగులు తెగాయి. ఇది కిటికీ పక్కన పెట్టిన డబ్బాల్లో మామూలే, తెర లాగినప్పుడల్లా వైరు కదులుతుంది.

లేబుల్ మీద చూడాల్సినవి

పాత అడాప్టర్‌ను ఫోన్ టార్చి కింద పెట్టి చదవండి. అక్షరాలు మరీ సన్నగా ఉంటే ఫొటో తీసి పెద్దది చేసుకోండి. ఇన్‌పుట్ వరుసలో 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. పని దాని కిందున్న అవుట్‌పుట్ వరుసతో.

వోల్టులు అచ్చంగా కలవాలి. 12 అని ఉంటే 12, 5 అని ఉంటే 5. ఇక్కడ సర్దుబాటు లేదు. 5 వోల్టుల డబ్బాకు 12 తగిలిస్తే క్షణంలో కాలిపోతుంది. 12 వోల్టుల డబ్బాకు 9 తగిలిస్తే కాలదు గానీ సరిగ్గా పనిచేయదు. చాలా డబ్బాల లోపల వోల్టేజిని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్ తక్కువ వోల్టేజి దొరికితే ఆ లోటు పూడ్చుకోవడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో అడాప్టర్ ఇంకా వేడెక్కుతుంది. లాప్‌టాప్ అడాప్టర్లు చాలావరకు 19 నుంచి 20 వోల్టులు ఇస్తాయి, పిన్ను పట్టినా వాటి జోలికి పోకండి.

ఆంపియర్లు కనీసం అంత ఉండాలి, ఎక్కువైతే నష్టం లేదు. 1.5 ఆంపియర్ల చోట 2 ఉన్నది, 2 చోట 3 ఉన్నది పెట్టొచ్చు. కరెంటును అడాప్టర్ తోసేయదు, డబ్బా తనకు కావలసినంతే తీసుకుంటుంది. ఈ సంగతి తెలియక ఆంపియర్లు ఎక్కువని భయపడి తక్కువది కొనేవాళ్లున్నారు, అది తలకిందుల జాగ్రత్త. రోజంతా ఆన్‌లో ఉండే వస్తువు కాబట్టి కాస్త పెద్దది కొంటే చల్లగా పనిచేసి ఎక్కువ కాలం వస్తుంది.

అవుట్‌పుట్ డీసీనా ఏసీనా అన్నది మూడోది. వోల్టుల పక్కన నిలువుగా కాదు, అడ్డంగా ఒక గీత, దాని కింద మూడు చిన్న ముక్కల గీతలు ఉంటే అది డీసీ. పాము మెలిక లాంటి గీత ఉంటే ఏసీ. సిగ్నల్ డబ్బాలు దాదాపు అన్నీ డీసీవే, కానీ ఇంట్లో పాత ఫోన్లవో మోడెములవో ఏసీ అవుట్‌పుట్ అడాప్టర్లు ఒకటీ అరా ఉండొచ్చు. పిన్ను సరిపోయిందని వాటిని తగిలించకూడదు.

నాలుగోది పోలారిటీ, అంటే పిన్నులో ప్లస్ ఏ వైపు, మైనస్ ఏ వైపు అన్నది. లేబుల్ మీద ఒక చిన్న బొమ్మ ఉంటుంది: మధ్యలో చుక్క, దాని చుట్టూ తెరిచిన వలయం, రెండింటికీ చెరో గీత. చుక్కకు కలిసిన గీత చివర ప్లస్ ఉంటే మధ్య పిన్ను ప్లస్ అన్నమాట. ఎక్కువ వస్తువులు ఇలాంటివే. డబ్బా మీదా ఇదే బొమ్మ ఉంటుంది, రెండూ ఒకేలా ఉన్నాయా చూడండి. తిరగేసి ఇస్తే లోపల రక్షణగా డయోడో ఫ్యూజో ఉన్న డబ్బా బతకొచ్చు, లేనిది పోతుంది.

అడాప్టర్ పోగొట్టుకున్నారా, లేక డబ్బా ఒక్కటే సెకండ్ హ్యాండ్‌లో కొన్నారా? డబ్బా అడుగున ఎఫ్‌సీసీ ఐడీ అని ఒక వరుస ఉంటుంది. ఎఫ్‌సీసీ అంటే అమెరికా ప్రభుత్వ సమాచార ప్రసారాల నియంత్రణ సంస్థ. అమెరికాలో అమ్మే ప్రతి ప్రసార పరికరానికీ అది తప్పనిసరి. ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లోని వెతుకులాట పేజీలో ఆ నంబరు కొడితే ఆ మోడల్ కోసం కంపెనీ సమర్పించిన కాగితాలు తెరుచుకుంటాయి. వాటిలో సాధారణంగా యూజర్ మాన్యువల్, ఫొటోలు ఉంటాయి. అడాప్టర్ వివరం అక్కడ దొరికే అవకాశం చాలా ఎక్కువ. అమ్మకపు పేజీల కింద జనం రాసే ఊహల కంటే ఇది నమ్మదగినది.

పిన్ను కొలత: ఎక్కువ మంది ఇక్కడే బోల్తా పడతారు

గుండ్రటి బ్యారెల్ పిన్నుకు రెండు కొలతలుంటాయి, బయటి వెడల్పు, లోపలి రంధ్రం. బయట 5.5 మిల్లీమీటర్లు ఉన్నవాటిలోనే లోపల 2.1, 2.5 అని రెండు రకాలున్నాయి. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. డబ్బా సాకెట్‌లోని సూది 2.5 అయితే 2.1 రంధ్రమున్న పిన్ను అసలు దూరదు, కాబట్టి తప్పు వెంటనే తెలిసిపోతుంది. తిప్పలు రెండో వైపు. సూది 2.1 అయ్యుండి పిన్ను 2.5 అయితే హాయిగా దూరుతుంది, లైటూ వెలుగుతుంది. కానీ లోపల వదులు. పక్కనుంచి ట్రక్కు వెళ్లినా, ఎవరైనా బల్ల కదిపినా సంధి విడిపోయి డబ్బా రీస్టార్ట్ అవుతుంది. సగం చచ్చిన అడాప్టర్ లక్షణాలే మళ్లీ కనిపించేసరికి కొత్తదీ చెడిపోయిందనుకుంటారు.

కొలిచే పరికరం లేకపోతే ఇంట్లో ఉన్న వస్తువుతో పోల్చుకోవచ్చు. సీసీ కెమెరాలకిచ్చే 12 వోల్టుల అడాప్టర్ పిన్ను మామూలుగా 5.5, 2.1 కొలతలోనే ఉంటుంది. దాన్ని కరెంటుకు పెట్టకుండా, ఊరికే డబ్బా సాకెట్‌లో దూర్చి చూడండి. దూరకపోతే 2.5 అయ్యుండొచ్చు. బిగుతుగా దూరి, పీకేటప్పుడు కాస్త పట్టు తెలిస్తే 2.1. ఇంకా చిన్న పిన్నులూ ఉన్నాయి, 3.5 బయట, 1.35 లోపల ఉన్నది 5 వోల్టుల వస్తువుల్లో కనిపిస్తుంది. పిన్ను పొడవు కూడా చూసుకోవాలి. పొట్టిదైతే లోతైన సాకెట్‌లో అడుగు దాకా అందదు.

కొత్తది కొనడం

అదే మోడల్ నంబరున్న కంపెనీ అడాప్టర్ దొరికితే అది కొనేయండి, ఇక ఆలోచించే పని ఉండదు. దొరక్కపోతే పైన చెప్పిన వోల్టులు, ఆంపియర్లు, పోలారిటీ, పిన్ను కలిసిన ఏదైనా పనిచేస్తుంది. అమెరికాలో యూఎల్ లేదా ఈటీఎల్ అనే భద్రతా పరీక్షల ముద్ర ఉన్నది తీసుకోండి. లేబుల్ మీద రోమన్ అంకెల్లో ఆరు (VI) కనిపిస్తే 2016 ఫిబ్రవరి నుంచి అక్కడ అమలైన కరెంటు పొదుపు ప్రమాణానికి తగినదని అర్థం. చేతిలోకి తీసుకుంటే అగ్గిపెట్టెలా తేలిగ్గా ఉండి, మూడు ఆంపియర్లని రాసుకున్న చవక సరుకును నమ్మొద్దు. వాటిలో రాసింది ఒకటి, ఇచ్చేది ఒకటి. పైగా వాటి అవుట్‌పుట్ శుభ్రంగా ఉండదు, కరెంటులో అక్కర్లేని రొద కలిసి వస్తుంది. రేడియో తరంగాలతో పనిచేసే బూస్టర్ లాంటి డబ్బాకు ఆ చెత్త నేరుగా తగులుతుంది. పాత వైరుకు పిన్ను దగ్గర చిన్న గుండ్రటి ముద్ద ఉంటే అది అలంకారం కాదు, ఫెర్రైట్. ఆ చెత్తను ఆపడానికే పెట్టారు. కొత్తదానికి లేకపోతే క్లిప్‌లా బిగించే ఫెర్రైట్ విడిగా కొని అదే చోట బిగించండి.

వోల్టులు మార్చే మీట, నాలుగైదు పిన్నులు ఉన్న యూనివర్సల్ అడాప్టర్లు పరీక్షకు పనికొస్తాయి గానీ శాశ్వతంగా వద్దు. శుభ్రం చేస్తూ చెయ్యి తగిలి మీట జరిగితే డబ్బా పోతుంది.

యూఎస్‌బీ సీ చార్జర్ నుంచి 12 వోల్టులు తీసే ట్రిగ్గర్ వైర్లు ఇప్పుడు చవగ్గా వస్తున్నాయి. ఇక్కడొక మెలిక ఉంది. చార్జరూ వస్తువూ మాట్లాడుకుని వోల్టేజి ఎంచుకునే యూఎస్‌బీ పవర్ డెలివరీ పద్ధతిలో ఇప్పుడు పాటిస్తున్న మెట్లు 5, 9, 15, 20 వోల్టులు. 12 అన్నది ఇష్టమైతేనే ఇచ్చేది. మీ చార్జర్‌లో అది లేకపోతే చాలా వైర్లు నోరెత్తకుండా 9కి దిగిపోతాయి. చార్జర్ మీద 12 వోల్టులని స్పష్టంగా రాసుంటేనే ఈ దారి పట్టండి.

మార్చే పద్ధతి

ముందు పాతదాన్ని గోడ సాకెట్ నుంచి పీకి, తర్వాత డబ్బా నుంచి పిన్ను తీయండి. ఒక నిమిషం ఆగండి.

ఇప్పుడు కొత్త అడాప్టర్‌ను డబ్బాకు తగిలించకుండా గోడకు పెట్టి, వోల్టేజి కొలిచే మల్టీమీటర్‌తో చూడాలి. మీటరును 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, ఎర్ర సూదిని పిన్ను రంధ్రంలోకి, నల్ల సూదిని పిన్ను బయటి లోహానికి ఆనించండి. 12 వోల్టులది 11.4 నుంచి 12.6 మధ్య చూపాలి. అంకె ముందు మైనస్ కనిపిస్తే పోలారిటీ తిరగబడిందని అర్థం, అక్కడే ఆగిపోండి. 16, 17 చూపిస్తే అది లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత రకం, రెగ్యులేటర్ లేనిది. ఇటుకలా బరువుగా ఉంటుంది. దాన్ని వాడకండి. సూది జారి లోపలి లోహాన్నీ బయటిదాన్నీ ఒకేసారి తాకితే షార్ట్ అవుతుంది. మంచి అడాప్టర్ తనంతట తాను ఆగి మళ్లీ వస్తుంది గానీ, చెయ్యి నిలకడగా పెట్టుకోవడం మేలు.

కొలత సరిపోయాక గోడ నుంచి పీకేసి, ముందు డబ్బాకు పిన్ను, ఆ తర్వాతే గోడకు ప్లగ్గు పెట్టండి. కరెంటున్న పిన్నును సాకెట్‌లోకి తోస్తే సన్నటి నిప్పురవ్వ పుడుతుంది, పదేపదే జరిగితే సాకెట్ లోపలి రేకు నల్లబడి సంధి పాడవుతుంది.

బూస్టర్ అయితే ఇంకో నియమం. బయటి, లోపలి యాంటెన్నాల వైర్లు రెండూ బిగించాకే కరెంటు ఇవ్వాలి. ఆ డబ్బా ప్రసారం చేసేది, యాంటెన్నా లేకుండా నడిపితే వెళ్లాల్సిన శక్తి వెనక్కి తన్నుతుంది. యాంటెన్నాలు దగ్గరగా ఉన్నా తిప్పలే. లోపలిదాని మాట బయటిది వింటే మైకు, స్పీకరు ఎదురెదురుగా పెట్టినట్టు గోల పుడుతుంది, దాన్ని పసిగట్టి బూస్టర్ తన బలం తగ్గించుకుంటుంది లేదా ఆగిపోతుంది. అడాప్టర్ మార్చే హడావిడిలో యాంటెన్నా జరిగిందేమో చూసుకోండి.

ఫెమ్టోసెల్ అయితే ఓపిక కావాలి. అది ముందు ఇంటర్నెట్ పట్టుకోవాలి, తర్వాత జీపీఎస్‌తో తానెక్కడున్నదీ తేల్చుకోవాలి. 911 (అత్యవసర సహాయం) కాల్ సరైన చోటికి చేరాలన్నా, తనకు అనుమతి ఉన్న ప్రాంతంలోనే ప్రసారం చేయాలన్నా అది తప్పదు. చాలాకాలం ఆగి ఉన్న డబ్బాకు ఇందుకు గంటైనా పట్టొచ్చు. పది నిమిషాలకే ఆపి ఆన్ చేస్తూ పోతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

లోడ్ మీద వోల్టేజి

లోడ్ అంటే అడాప్టర్ నుంచి కరెంటు లాగే వస్తువు, ఇక్కడ మన డబ్బా. డబ్బా లేకుండా 12 చూపడం సగం పరీక్షే. సగం చచ్చిన పాత అడాప్టర్ కూడా ఖాళీగా ఉన్నప్పుడు నిక్షేపంగా 12 చూపిస్తుంది. డబ్బా నడుస్తుండగా చూడాలంటే సీసీ కెమెరాలకు వాడే వై ఆకారపు స్ప్లిటర్ వైరు ఒకటి కావాలి, ఒక మూతి లోపలికి, రెండు పిన్నులు బయటికి. ఒక పిన్ను డబ్బాకు పెట్టి, రెండోదాని మీద మీటరు సూదులు ఆనించండి. డబ్బా ఆన్ అయి నెట్‌వర్క్ పట్టుకునే దాకా అంకెను చూస్తూ ఉండండి. 12.1 దగ్గర మొదలై 11.8 దాకా దిగి నిలబడితే ఆరోగ్యం. 11కి, 10కి జారి పైకి లేస్తుంటే అడాప్టర్‌ది గానీ వైరుది గానీ లోపం. పని అయ్యాక స్ప్లిటర్ తీసేయండి, ఖాళీ పిన్ను అలా వేలాడితే ఏదో ఒక లోహానికి తగులుతుంది.

వైరు లోపమంటే ఇదీ. జీపీఎస్ కోసం ఫెమ్టోసెల్‌ను కిటికీ దగ్గర పెడతాం, గోడ సాకెట్ ఎక్కడో ఉంటుంది, మధ్యలో పది అడుగుల డీసీ పొడిగింపు వైరు కలుపుతాం. ఆ వైరు సన్నటి 24 గేజ్‌ది అయితే పోనురానూ ఇరవై అడుగులకు నిరోధం సుమారు అర ఓమ్. 2 ఆంపియర్లు పారితే ఒక వోల్టు వైరులోనే పోతుంది, డబ్బాకు చేరేది 11. అదే లావుగా ఉండే 18 గేజ్ వైరైతే (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు) పోయేది పావు వోల్టే. పొడిగింపు వైరు మీద గేజ్ రాయకపోతే సన్నదే అనుకోండి. అన్నిటికన్నా మంచిది గోడ కరెంటు వైపు పొడిగించడం: మామూలు ఎక్స్‌టెన్షన్ కార్డు కిటికీ దాకా లాగి, అడాప్టర్‌ను అక్కడే పెట్టండి. కాకపోతే ఎండ నేరుగా పడే చోట, తెర మడతల కింద పెట్టకండి. ఆ వేడే కెపాసిటర్లను ఎండబెట్టేది.

ఇండియాకు తీసుకెళ్లొచ్చా?

అమ్మానాన్నల ఇంట్లో సిగ్నల్ రావడం లేదని ఇక్కడి డబ్బాను సూట్‌కేసులో పెట్టుకెళ్లాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. ఇండియాలో అనుమతి లేకుండా బూస్టర్ పెట్టుకోవడం, అమ్మడం నేరం. అది చుట్టుపక్కల టవర్ల పనిని కూడా పాడుచేస్తుంది. అమెరికా కంపెనీ ఫెమ్టోసెల్ అయితే జీపీఎస్ చూసి అసలు లేవదు. అక్కడ అదే పని చేసి పెట్టేది వైఫై కాలింగ్, అంటే ఇంటి వైఫై మీదుగా మామూలు కాల్స్. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో దాన్ని మొదలుపెట్టాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఒక్క మీట నొక్కితే సరి.

అలా చేస్తే అక్కడి ఇంట్లో సిగ్నల్ డబ్బా అంటే ఫైబర్ వాళ్లు పెట్టిన పెట్టె, రౌటర్లే. వాటి అడాప్టర్ మార్చడానికీ ఇదే పద్ధతి. తేడా రెండింటిలో. గోడ కరెంటు 230 వోల్టులు కాబట్టి ఇన్‌పుట్ 120 అని మాత్రమే రాసున్న పాత అమెరికా అడాప్టర్‌ను అక్కడ పెట్టకూడదు, కాలిపోతుంది. 100 నుంచి 240 అనుంటే గోడ ప్లగ్గు ఆకారం మార్చే ముక్క చాలు. కొత్తది కొంటే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయా చూడమని చెప్పండి. రెండోది, కరెంటు పోయినప్పుడు రౌటర్ ఆగకుండా పెట్టే చిన్న బ్యాటరీ డబ్బా, మినీ యూపీఎస్. చవక రకాల్లో మూడు లిథియం సెల్స్ వోల్టేజిని నేరుగా బయటికి వదిలేస్తారు: నిండుగా ఉన్నప్పుడు 12.6, ఖాళీ అయ్యేకొద్దీ 10 దాకా. కరెంటు పోయిన అరగంటకు రౌటర్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటే ఇదే కారణం. స్థిరంగా 12 వోల్టులు ఇస్తుందని స్పష్టంగా రాసుంటేనే కొనమనండి.

కొత్త అడాప్టర్ మీద చెరిగిపోని పెన్నుతో డబ్బా పేరు, పెట్టిన నెల, సంవత్సరం రాయండి. పాతదాన్ని డ్రాయర్‌లో పడేస్తే ఆర్నెల్ల తర్వాత ఇంట్లో ఎవరో ఒకరు బాగున్నదనుకుని దేనికో తగిలిస్తారు. గోడ నుంచి పీకి ఉండగానే దాని వైరు కత్తిరించేసి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చేయండి.